సియోల్ వెళ్ళి ఒక సెమిస్టర్ చదవాలంటే: మీరడిగినవి, నాకు తెలిసినవి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ ఒకే ఊరి గురించి, సియోల్. కొరియన్ డ్రామాలు చూసి ఆ ఊరంటే ఇష్టం పెంచుకున్నవాళ్ళు కొందరు, తమ కాలేజీకి అక్కడి యూనివర్సిటీతో ఒప్పందం ఉందని తెలిసి ఆలోచనలో పడ్డవాళ్ళు కొందరు, పిల్లని పంపాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న తల్లులు కొందరు. నేనూ అక్కడ ఒక సెమిస్టర్ చదివినదాన్నే, ఆ తర్వాత కూడా వెళ్ళే పిల్లలతో మాట్లాడుతూనే ఉన్నాను, అందుకని తెలిసినంతవరకు దాచుకోకుండా చెప్తాను. ముందే ఒక మాట అనేసుకుందాం. సెమిస్టర్ అంటే దాదాపు 16 వారాలు, అంతే. అందులో మొదటి నెల కాగితాలకీ దారులు తెలుసుకోడానికీ పోతుంది, చివర్లో రెండు మూడు వారాలు పరీక్షలు మింగేస్తాయి, మధ్యలో మిగిలిందే మీ చేతికొచ్చే సియోల్. ఆ మొదటి నెలని ఎంత కుదించుకోగలిగితే అంత లాభం, నేను చెప్పేవాటిలో చాలా మటుకు దాని కోసమే.

ప్రశ్న: అక్కా, మా కాలేజీ ఎక్స్చేంజ్ లిస్టులో సియోల్ యూనివర్సిటీలు నాలుగున్నాయి. ర్యాంకు చూసి పెట్టెయ్యనా? మార్చిలో వెళ్ళాలా సెప్టెంబర్లో వెళ్ళాలా? (ఇంజనీరింగ్ మూడో ఏడు విద్యార్థిని)

ర్యాంకు తర్వాత చూద్దువు గానీ తల్లీ, ముందు నీ డిపార్ట్మెంట్ ఏ క్యాంపస్‌లో ఉందో చూడు. ఇది చాలామంది పట్టించుకోరు. సుంగ్‌క్యున్‌క్వాన్ యూనివర్సిటీ పేరు చూసి సియోల్ అనుకుంటారు, నిజానికి వాళ్ళ ఇంజనీరింగ్, సైన్స్ మొత్తం సువోన్‌లో ఉంటుంది, అది సియోల్‌కి దక్షిణాన ఇంకో ఊరు, ఆర్ట్స్ వాళ్ళు మాత్రమే సియోల్ క్యాంపస్. హన్యాంగ్‌కి సియోల్లో ఒకటి ఆన్సన్‌లో ఒకటి, క్యుంగ్‌హీకి సియోల్లో ఒకటి యోంగిన్‌లో ఒకటి. ఊరి బయట క్యాంపస్ చెడ్డదని కాదు, నువ్వు సియోల్ కోసమే వెళ్తూ రోజూ రెండు గంటలు రైల్లో కూర్చోవడం ఎందుకు అని.

సియోల్ నేషనల్ యూనివర్సిటీ, యొన్సే, కొరియా యూనివర్సిటీ, ఈ మూడూ అక్కడ పెద్ద పేర్లు, మూడూ మూడు రకాల చోట్లు. సియోల్ నేషనల్ గ్వానాక్ కొండ మీద ఉంటుంది, క్యాంపస్ లోపలే బస్సు ఎక్కాలి, మెట్రో రెండో లైన్లో దాని పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, అక్కడ దిగి నడిచి వెళ్ళిపోదామనుకుంటే రెండు కిలోమీటర్ల ఎత్తు ఎక్కాలి, 2022లో సిల్లిం లైన్ వచ్చాక గ్వానాక్సన్ స్టేషన్ మెయిన్ గేటుకి దగ్గరైంది. యొన్సే ఉండేది సిన్చోన్‌లో, పక్కనే ఇహ్వా మహిళా యూనివర్సిటీ, ఒక్క స్టేషన్ అవతల హోంగ్‌దే, రాత్రి పన్నెండు దాకా వీధి నిండా స్టూడెంట్లే. కొరియా యూనివర్సిటీ ఉండే ఆనమ్ కొంచెం నెమ్మది, అద్దెలు కూడా సిన్చోన్ కంటే దిగువే.

ఇంకోటి, ఎక్స్చేంజ్ స్టూడెంట్, విజిటింగ్ స్టూడెంట్ ఒకటి కాదు. ఎక్స్చేంజ్ అయితే ఫీజు నీ కాలేజీకే కడతావు, అక్కడ కట్టక్కర్లేదు. విజిటింగ్ అయితే అక్కడి ఫీజు మొత్తం నీదే. ఆఫర్ లెటర్లో ఏ మాట ఉందో చూసుకో.

ఇక మార్చా సెప్టెంబరా. మార్చి సెమిస్టర్ ఆ నెల మొదట్లో మొదలై జూన్ మూడో వారానికి అయిపోతుంది, సెప్టెంబర్‌ది డిసెంబర్ మూడో వారానికి. వాళ్ళకి విద్యా సంవత్సరం మార్చిలోనే మొదలవుతుంది, కొత్త పిల్లలు, కొత్త క్లబ్బులు, అందరూ స్నేహితుల కోసం వెతుక్కుంటున్న సమయం, కాబట్టి మనుషులతో కలవాలంటే మార్చే మంచిదని నా అభిప్రాయం. మేలో క్యాంపస్ పండగలు ఉంటాయి, పెద్ద పెద్ద సింగర్లు వచ్చి పాడతారు. ఇబ్బందల్లా మార్చి చలి, పైగా వసంతంలో గాలిలో సన్నటి దుమ్ము, మిసె మొంజి అంటారు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఇది సీరియస్‌గా తీసుకోవాలి. సెప్టెంబర్ అయితే వాతావరణం హాయి, అక్టోబర్ చివర కొండలన్నీ ఎర్రబడతాయి, యొన్సే కొరియా యూనివర్సిటీల మధ్య ఏటా జరిగే పోటీ కూడా ఆ సెమిస్టర్లోనే, బేస్‌బాల్, బాస్కెట్‌బాల్, ఐస్ హాకీ, రగ్బీ, ఫుట్‌బాల్ ఐదు ఆటలు, ఒక పక్కంతా నీలం ఒక పక్కంతా ముదురెరుపు, ఆ రెండింట్లో దేన్లోనైనా చదివితే అది వదులుకోకు.

ప్రశ్న: కొరియన్ ఒక్క ముక్క రాదు. ఇంగ్లీష్‌తో నెట్టుకురావచ్చా మేడమ్?

క్లాసుల్లో నెట్టుకురావచ్చు, ఇంగ్లీష్‌లో చెప్పే కోర్సులు పెద్ద యూనివర్సిటీల్లో చాలానే ఉంటాయి. బయట మాత్రం కష్టం. బాగా మాట్లాడాలనేం లేదు కానీ చదవడం నేర్చుకుని వెళ్ళండి, హంగుల్ లిపి చదవడం నిజంగా ఒక వారంలో అయ్యే పని. సెజొంగ్ రాజు హయాంలో 1443లో తయారుచేసి 1446లో ప్రకటించిన లిపి అది, మామూలు జనం తేలిగ్గా నేర్చుకోవాలనే చేశారు, మూలాక్షరాలు 24. హల్లుకి అచ్చు తగిలించి ఒక అక్షరం కట్టడం, అవసరమైతే కింద ఇంకో హల్లు పెట్టడం, గుణింతాలూ ఒత్తులూ చిన్నప్పట్నుంచీ దిద్దినవాళ్ళకి ఆ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. అది వచ్చేస్తే మెనూ, బస్సు బోర్డు, వాషింగ్ మెషీన్ బటన్లు, మందుల షాపు అన్నీ సగం తెరుచుకుంటాయి ఎందుకంటే అక్కడ చాలా మాటలు ఇంగ్లీష్ నుంచి వెళ్ళినవే, చదవగలిగితే చాలు అర్థమైపోతాయి.

ఫోన్లో పాపాగో పెట్టుకోండి, కొరియన్ అనువాదానికి బాగుంటుంది. మ్యాప్ కోసం నేవర్ మ్యాప్ లేదా కకావో మ్యాప్. భద్రత పేరుతో వివరమైన మ్యాప్ డేటాని దేశం దాటనివ్వకపోవడం వల్ల గూగుల్ మ్యాప్స్ అక్కడ ఏళ్ళ తరబడి నడక దారి కూడా చూపించలేకపోయింది, 2007లో ఒకసారి 2016లో ఒకసారి అడిగితే ప్రభుత్వం కాదంది. అందుకే అక్కడివాళ్ళ అలవాటంతా నేవరే, షాపుల టైమింగులూ బస్సు ఎక్కడుందో కూడా అందులోనే సరిగ్గా ఉంటాయి.

యూనివర్సిటీల భాషా కేంద్రాల్లో కోర్సులు ఉంటాయి కదా అని ఇంకో పాఠకుడు అడిగారు. అవి మామూలుగా రోజుకి 4 గంటలు, 10 వారాలు, 200 గంటల లెక్క, ఫీజు వేరే. సెమిస్టర్ క్లాసులతో పాటు అది మొయ్యలేరు. ఎక్స్చేంజ్ వాళ్ళ కోసం సాయంత్రం పెట్టే చిన్న కోర్సు ఉంటే అది చాలు.

ప్రశ్న: వీసా దగ్గర్నుంచి ఐడీ కార్డు దాకా ఏం చెయ్యాలో వరసగా చెప్పండి, ఎక్కడ చూసినా ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

ఎక్స్చేంజ్ స్టూడెంట్‌కి ఇచ్చేది డి-2-6 వీసా. యూనివర్సిటీ పంపే ప్రామాణిక ప్రవేశ పత్రం వచ్చాకే అప్లై చెయ్యగలరు, అది వచ్చేసరికి ఆలస్యమవుతుంది కాబట్టి మిగతావన్నీ అప్పటికే రెడీగా ఉండాలి, పాస్‌పోర్టు, బ్యాంకు బ్యాలెన్స్ సర్టిఫికెట్, కాలేజీ స్టడీ సర్టిఫికెట్. టీబీ పరీక్ష సర్టిఫికెట్ కూడా కావాలి, టీబీ ఎక్కువగా ఉన్న దేశాలని కొరియా ఒక లిస్టు పెట్టుకుంది, ఇండియా అందులో ఉంది. ఎంబసీ గుర్తించిన ఆసుపత్రిలోనే చేయించాలి. హాస్టల్ వాళ్ళు కూడా విడిగా టీబీ రిపోర్టు అడుగుతారు, కాబట్టి కాపీలు దగ్గర పెట్టుకోండి.

దిగాక 90 రోజుల లోపు ఇమిగ్రేషన్‌లో రిజిస్టర్ చేయించుకుని రెసిడెన్స్ కార్డు తీసుకోవాలి. చట్టం 90 రోజులు ఇచ్చింది కదా అని ఆగారంటే సెమిస్టర్ సగం అయిపోతుంది. ఆ కార్డు లేకపోతే మీ పేరు మీద ఫోన్ నెంబర్ ఇవ్వడానికి ఇబ్బంది పెడతారు, నెంబర్ లేకపోతే ఆన్‌లైన్లో మీరు మీరేనని నిరూపించుకోలేరు, అది లేకపోతే సరుకులు తెప్పించుకునే యాప్‌ల నుంచి మ్యాచ్ టికెట్ల దాకా ఏదీ సరిగ్గా పనిచెయ్యదు, బ్యాంకు ఖాతా కూడా దీనికే ముడిపడి ఉంటుంది. ఒకదానికొకటి గొలుసు. ఇమిగ్రేషన్ వాళ్ళ హైకొరియా వెబ్‌సైట్లో అపాయింట్‌మెంట్ దొరకాలి, మార్చి సెప్టెంబర్ నెలల్లో స్లాట్లు నిమిషాల్లో అయిపోతుంటాయి. వీసా చేతికొచ్చి టికెట్ కొన్న రోజే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి మెయిల్ పెట్టి అడగండి, గ్రూపుగా రిజిస్టర్ చేయిస్తారా, చేయిస్తే ఏ తేదీ, ఏ కాగితాలు అని. చేయించే చోట ఇదంతా ఒక పూటలో అయిపోతుంది.

బ్యాంకు ఖాతా కొత్తగా తెరిస్తే రోజుకి ఇంతే పంపించాలి అనే పరిమితి పెడతారు, మోసాలు ఆపడానికి అందరికీ ఉండేదే, కంగారు పడొద్దు. కానీ దాని వల్ల హాస్టల్ ఫీజు లాంటి పెద్ద మొత్తం ఆ ఖాతా నుంచి ఒకేసారి వెళ్ళకపోవచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2021 మార్చి నుంచి విదేశీ విద్యార్థులు అక్కడి జాతీయ ఆరోగ్య బీమాలో చేరడం తప్పనిసరి చేశారు, రిజిస్ట్రేషన్ అవ్వగానే బిల్లు రావడం మొదలవుతుంది, స్టూడెంట్లకి తగ్గించి వేసినా నెలకి 70 వేల వోన్లు (వోన్ అంటే అక్కడి కరెన్సీ) దాటే ఉంటుంది. బిల్లు కట్టకుండా వదిలేస్తే తర్వాత వీసా పనుల దగ్గర అడ్డం పడుతుంది. బడ్జెట్లో ముందే వేసుకోండి, దానికి తగ్గట్టే క్లినిక్‌కి వెళ్తే ఖర్చు చాలా తక్కువ అవుతుంది.

ప్రశ్న: నమస్తే అండీ. మా అమ్మాయి సియోల్ వెళ్తానంటోంది. రాత్రిళ్ళు లైబ్రరీ నుంచి ఒంటరిగా రావాలంటుంది. ఉత్తర కొరియా పక్కనే ఉంది, ఆ మధ్య సైనిక పాలన అన్నారు, ఇవన్నీ వింటుంటే భయంగా ఉంది. మీరైతే పంపిస్తారా?

పంపిస్తానండీ. అంత పెద్ద నగరంలో, కోటికి కాస్త తక్కువ జనం ఉండే చోట, అర్ధరాత్రి అమ్మాయిలు ఒంటరిగా నడిచి హాస్టల్‌కి వెళ్ళడం అక్కడ రోజూ కనిపించే విషయం. కాఫీ షాపులో టేబుల్ మీద ల్యాప్‌టాప్ వదిలేసి బయటికెళ్ళి వస్తారు, ఎవరూ ముట్టుకోరు. అలాగని అన్నీ బాగున్నాయని చెప్పి మిమ్మల్ని ఊరుకోబెట్టను, ఎందుకంటే మీరు అడిగింది మీ బిడ్డ గురించి.

సరిహద్దు సియోల్‌కి 50 కిలోమీటర్ల దూరం లోపే ఉంటుంది, నిజమే. అక్కడి జనం దశాబ్దాలుగా దానితోనే బతుకుతున్నారు, ఫోన్లకి అత్యవసర హెచ్చరికలు పెద్ద శబ్దంతో వస్తాయి, వాటిలో చాలా భాగం చలీ వర్షాలూ లాంటి వాతావరణం గురించే. సైనిక పాలన సంగతి 2024 డిసెంబర్ 3 రాత్రి జరిగింది, అప్పటి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ ప్రకటించారు, కొద్ది గంటల్లోనే పార్లమెంటు సభ్యులు గోడలు దూకి మరీ లోపలికెళ్ళి దాని మీద ఓటేశారు, తెల్లారేసరికి ఎత్తేశారు, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయన్ని పదవి నుంచి తీసేసింది. ఆ నెలల్లో లక్షల మంది వీధుల్లోకి వచ్చినా చాలావరకు ప్రశాంతంగానే జరిగాయి. అయితే విదేశీయులు రాజకీయ కార్యకలాపాల్లో పాల్గొనకూడదని అక్కడి ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది, కాబట్టి అమ్మాయికి గట్టిగా చెప్పండి, నిరసనలు జరిగే గ్వాంగ్‌హ్వామున్ దగ్గర ఎంత ఉత్సాహంగా కనిపించినా ప్లకార్డు పట్టుకోవద్దని.

నాకు నిజంగా భయం వేసే విషయం వేరే ఉంది, జనసమ్మర్దం. 2022 అక్టోబర్ 29న ఇతేవోన్‌లో హాలోవీన్ రాత్రి ఒక ఇరుకు సందులో తొక్కిసలాటలో 159 మంది చనిపోయారు, ఎక్కువ మంది ఇరవైల్లో ఉన్న పిల్లలే, వాళ్ళలో విదేశీయులూ ఉన్నారు. ఆ తర్వాత అలాంటి రోజుల్లో పోలీసులు, వార్డు అధికారులు జనాన్ని అదుపు చేస్తున్నారు, అయినా భుజాలు కదలనంత జనం ఉన్న చోట నుంచి ముందే బయటికి వచ్చెయ్యమని చెప్పండి, స్నేహితులు ఏమనుకుంటారో అని ఆగొద్దని. రెండోది, దొంగచాటు కెమెరాలు. 2018లో వేలమంది ఆడవాళ్ళు హ్యేహ్వా స్టేషన్ దగ్గరికి వచ్చి దీని మీద పోరాడారు, అంత పెద్ద సమస్య అది. అద్దె గదుల్లో, బయట టాయిలెట్లలో కాస్త కళ్ళు తెరిచి ఉండాలి.

నెంబర్లు రాసుకోండి. పోలీసులకి 112, అంబులెన్స్, ఫైర్ రెండిటికీ 119, ఇమిగ్రేషన్ సహాయానికి 1345, ఇందులో చాలా భాషలు మాట్లాడేవాళ్ళు ఉంటారు. మెట్రో అర్ధరాత్రి చుట్టుపక్కల ఆగిపోతుంది, ఆ తర్వాత ఎన్ అక్షరంతో మొదలయ్యే రాత్రి బస్సులు నడుస్తాయి.

ప్రశ్న: హాస్టల్ రాకపోతే ఎక్కడ ఉండాలి? గోషివోన్ అంటే ఏంటి?

హాస్టల్‌కే మొదటి ప్రయత్నం చెయ్యి తమ్ముడూ, అప్లికేషన్ తెరిచిన రోజే పెట్టు. రాత్రి ఒంటిగంట తర్వాత తలుపులేసి తెల్లారి ఐదింటికి తీసే హాస్టళ్ళు ఉన్నాయి, తప్పు చేస్తే పెనాల్టీ పాయింట్లు ఉంటాయి, వంటకి చోటు ఉండకపోవచ్చు, అయినా ఒక సెమిస్టర్‌కి అదే సుఖం.

గోషివోన్ అంటే ఒకప్పుడు సివిల్స్ లాంటి పరీక్షలకి చదివేవాళ్ళ కోసం కట్టిన చిన్న చిన్న గదులు, మంచం, బల్ల పడితే ఇంక నడవడానికి చోటుండదు. అడ్వాన్స్ పెద్దగా అడగరు, నెల నెలా కట్టి ఎప్పుడంటే అప్పుడు వెళ్ళిపోవచ్చు, చాలాచోట్ల అన్నం, కిమ్చి అనే ఊరేసిన కూర, నూడుల్స్ ఉచితంగా పెడతారు. నెలకి 4 నుంచి 6 లక్షల వోన్ల దాకా అవుతుంది చోటుని బట్టి. అదే వొన్రూమ్ అని విడిగా గది తీసుకోవాలంటే బోజుంగ్‌గుమ్ అనే అడ్వాన్సే మామూలుగా 50 లక్షల నుంచి కోటి వోన్లు అడుగుతారు, ఒప్పందం కూడా ఏడాదికి తక్కువ ఇవ్వరు, నాలుగు నెలల మనిషికి అది కుదిరే బేరం కాదు.

గోషివోన్ తీసుకుంటే ఫోటోలు చూసి డబ్బు పంపకు. మొదటి వారం ఎక్కడైనా గెస్ట్ హౌస్‌లో ఉండి నీ కళ్ళతో చూడు, గదికి బయటివైపు కిటికీ ఉందా, స్ప్రింక్లర్లు ఉన్నాయా, రెండో మెట్లదారి ఉందా, ఆ దారిలో సామాన్లు పడేసి మూసేశారా. 2018 నవంబర్లో జొంగ్నోలో ఒక గోషివోన్ తగలబడి ఏడుగురు చనిపోయారు, అందులో స్ప్రింక్లర్లు లేవు, బయటికి కిటికీ లేని గదులు ఉన్నాయి. కిటికీ ఉన్న గదికి నెలకి కొంత ఎక్కువ అడుగుతారు, అది ఇచ్చెయ్యి, ఇక్కడ పొదుపు చెయ్యొద్దు.

చెత్త సంగతి కూడా నేర్చుకో, లేకపోతే ఓనరుతో గొడవ. 1995 నుంచి అక్కడ చెత్త వెయ్యాలంటే వార్డు ఆఫీసు ముద్ర ఉన్న సంచీ కొనుక్కుని అందులోనే వెయ్యాలి, కన్వీనియన్స్ స్టోర్లో దొరుకుతాయి, మిగిలిన తిండి విడిగా, ప్లాస్టిక్ విడిగా, సీసాలు విడిగా.

తిరగడానికి టీ-మనీ కార్డు ఏ కన్వీనియన్స్ స్టోర్లో అయినా కొనుక్కోవచ్చు, మెట్రో కనీస ఛార్జీ 2025 జూన్ నుంచి 1,550 వోన్లు. రోజూ తిరిగేవాళ్ళయితే 2024లో వచ్చిన క్లైమేట్ కార్డు చూసుకో, నెలకి 62 వేల వోన్లతో సియోల్ లోపల మెట్రో, బస్సు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు, ఇంకో 3 వేలు వేస్తే సిటీ సైకిళ్ళు కూడా. ఊరి బయట క్యాంపస్ వాళ్ళకి అది అంతగా పనికిరాదు, దక్షిణం వైపు ఊళ్ళకి వెళ్ళే సిన్‌బున్‌దాంగ్ లైన్లో చెల్లదు.

ప్రశ్న: అక్కా, అక్కడ మార్కులు చాలా టైట్ అంటున్నారు. నా సీజీపీఏ పడిపోతుందేమోనని భయం. కోర్సులు కూడా దొరకవంట కదా?

రెండూ నిజమే, రెండిటికీ దారి ఉంది.

కోర్సుల ఎంపికని సుగాంగ్ సిన్‌చొంగ్ అంటారు, ముందొచ్చినవాళ్ళకే సీటు. అక్కడి పిల్లలు ఆ రోజు నెట్ స్పీడ్ ఎక్కువుంటుందని పీసీ బాంగ్‌లకి, అంటే ఇంటర్నెట్ సెంటర్లకి, వెళ్ళి కూర్చుంటారు, గడియారం సెకను ముల్లు చూసుకుంటూ నొక్కుతారు, మంచి కోర్సులు కన్ను మూసి తెరిచేలోగా నిండిపోతాయి. కొన్ని యూనివర్సిటీలు ఎక్స్చేంజ్ వాళ్ళకి విడిగా ముందే అవకాశం ఇస్తాయి, కొన్ని అందరితో పాటే పరిగెత్తమంటాయి, నీది ఏ రకమో ముందే కనుక్కో. అసలైన జాగ్రత్త మాత్రం బయల్దేరకముందు పడాలి. నీకు నాలుగు కోర్సులు కావాలంటే ఎనిమిదింటికి మీ డిపార్ట్మెంట్ హెడ్ దగ్గర సంతకం పెట్టించుకో, ఏ నాలుగు దొరికినా క్రెడిట్ ఇస్తామని కాగితం మీద ఉండాలి. అక్కడికెళ్ళాక కోర్సు మారిపోయి, ఈ కోర్సుకి సమానమైనది మా సిలబస్‌లో లేదు అని కాలేజీ చేతులెత్తేస్తే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సొస్తుంది, అలా ఏడాది పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మొదటి వారం మార్చుకునే గడువు ఉంటుంది, ఆ వారం వీలైనన్ని క్లాసుల్లో కూర్చుని చూడు.

గ్రేడింగ్ చాలాచోట్ల రిలేటివ్, అంటే క్లాసులో ఇంత శాతం మందికే ‘ఏ’ గ్రేడు ఇవ్వాలని పరిమితి. నువ్వు బాగా రాసినా పక్కవాళ్ళు ఇంకా బాగా రాస్తే కిందికి పోతావు. కొన్నిచోట్ల ఎక్స్చేంజ్ వాళ్ళని ఆ లెక్కలోంచి తప్పిస్తారు, అది ప్రొఫెసర్‌ని మొదటి వారమే అడగొచ్చు, తప్పేం లేదు. స్కేలు కూడా చూసుకో, సియోల్ నేషనల్, యొన్సే 4.3కి వేస్తారు, కొరియా యూనివర్సిటీ, హన్యాంగ్ 4.5కి. మీ కాలేజీ దాన్ని పదికి ఎలా మారుస్తుందో రాతపూర్వకంగా తీసుకో, లేదంటే క్రెడిట్లు మాత్రం కలిపి మార్కులు వదిలెయ్యమని అడుగు. అలా కుదిరితే అంతకన్నా మంచిది లేదు.

హాజరు మాత్రం కచ్చితం. మూడో వంతు క్లాసులు పోతే, కొన్నిచోట్ల నాలుగో వంతు పోయినా, ఎఫ్ వేసేస్తారు, పరీక్ష ఎంత బాగా రాసినా సరే. ఎనిమిదో వారంలో మిడ్ టర్మ్, చివరి వారంలో ఫైనల్. ఏప్రిల్లో చెర్రీ పూలు పూసే వారాలూ మిడ్ టర్మ్ చదువూ ఒకేసారి వచ్చిపడతాయి, యోయిదోలో నది ఒడ్డున ఆ పూలు పట్టుమని పది రోజులుండవు, కాబట్టి చదువు ఒక వారం ముందు మొదలుపెట్టి ఒక సాయంత్రం ఖాళీ చేసుకో.

ఇక అన్నిటికంటే ఎక్కువ మనసు కష్టపెట్టేది టింపుల్, అంటే గ్రూప్ ప్రాజెక్టు. నలుగురైదుగురిని కలిపేస్తారు, వాట్సాప్ లాంటి కకావో టాక్‌లో గ్రూపు పెడతారు, చర్చంతా కొరియన్లో గడగడా సాగిపోతుంది, చివరికి నీకు స్లైడ్లు అందంగా చెయ్యమని ఇస్తారు. వాళ్ళకి నీ మీద కోపం ఉండి కాదు, వాళ్ళ ఉద్యోగాలు ఆ గ్రేడు మీద ఆధారపడి ఉంటాయి, నీకేమో పాస్ అయితే చాలని వాళ్ళకి తెలుసు, అందుకే నమ్మకం పెట్టుకోరు. మొదటి మీటింగ్‌లోనే నువ్వు చెప్పు, నేను ఈ భాగం చేస్తాను, ఈ తేదీకి ఇస్తాను అని. డేటా పనో ఇంగ్లీష్ రిపోర్టో ప్రెజెంటేషనో, నీకు చేతనైనది. ఒకసారి గడువుకి ముందే ఇచ్చి చూడు, రెండో మీటింగ్‌కి వాళ్ళే నీ కోసం ఇంగ్లీష్‌లోకి మారతారు, ప్రాజెక్టు అయ్యాక భోజనానికి కూడా పిలుస్తారు. నాకు అక్కడ దొరికిన మంచి స్నేహాల్లో ఒకటి అలా మొదలైందే.

ప్రశ్న: శాకాహారిని. బతకగలనా?

బతకగలవు, కానీ మెనూ మీద కూరగాయల బొమ్మ చూసి నమ్మొద్దు. పులుసులకి చాలావరకు ఎండు నెత్తళ్ళతో కాచిన నీళ్ళే వాడతారు, కిమ్చిలో ఉప్పులో ఊరేసిన రొయ్యలో చేపలో పడతాయి, సముద్రపు నాచులో అన్నం చుట్టి చేసే కింబాప్‌లో హామ్, చేప పిండితో చేసిన ముక్కలు ఉంటాయి. గోగి, అంటే మాంసం, వద్దు అంటే అది తీసేస్తారు గానీ హామ్, చేప వాళ్ళ లెక్కలో గోగి కిందికి రావు, కాబట్టి ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పాలి, కాగితం మీద కొరియన్లో రాసుకుని చూపించడం ఇంకా మేలు. అన్నంలో కూరగాయలు కలుపుకుని తినే బిబింబాప్ మాంసం లేకుండా చేయించుకోవచ్చు, దాని మీద వేసే కారం ముద్దలో కూడా కొన్నిచోట్ల గొడ్డు మాంసం కలుపుతారు, అది అడగాలి.

బౌద్ధ ఆలయాల వంట పూర్తి శాకాహారం, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, జొంగ్నోలో జోగ్యేసా ఆలయం ఎదురుగా ఆ వంట వడ్డించే రెస్టారెంట్ ఉంది, ఖరీదే కానీ ఒకసారి తిని చూడాల్సిందే. ఇతేవోన్ చుట్టుపక్కల భారతీయ హోటళ్ళూ వీగన్ హోటళ్ళూ ఉన్నాయి. రోజువారీ మాత్రం వంట చేసుకోగల చోటు ఉంటేనే హాయి, కాబట్టి హాస్టల్ ఎంచుకునేటప్పుడు వంటగది ఉందా అన్నది నీకు మొదటి ప్రశ్న కావాలి. మాంసం తినేవాళ్ళకి ఈ బాధ లేదు, హక్సిక్ అనే క్యాంపస్ క్యాంటీన్లో తక్కువలో కడుపు నిండుతుంది, చాలా యూనివర్సిటీల్లో 1,000 వోన్లకే పొద్దున్న భోజనం పెట్టే ప్రభుత్వ పథకం కూడా ఉంది, పొద్దున్నే లేవగలిగితే.

ప్రశ్న: వెళ్ళొచ్చిన మా సీనియర్ ఒకాయన, నాలుగు నెలలూ వేరే ఎక్స్చేంజ్ వాళ్ళతోనే తిరిగాను, కొరియన్ ఫ్రెండ్ ఒక్కడూ లేడు అన్నాడు. అలాగే ఉంటుందా అండీ?

వదిలేస్తే అలాగే ఉంటుందండీ. ఎక్స్చేంజ్ వాళ్ళందరికీ ఖాళీ ఎక్కువ, ఒకే హాస్టల్, ఒకే రకం కోర్సులు, వారాంతం వస్తే కలిసి ఊరు చూడ్డానికి పోతారు, సరదాగానే గడిచిపోతుంది, తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది ఆ ఊరివాళ్ళు ఎవరూ పరిచయం కాలేదని. అక్కడి పిల్లలు ముక్కూమొహం తెలియనివాళ్ళతో మాట కలపరు, అది పొగరు కాదు, వాళ్ళకి ఒక కారణం కావాలి కలవడానికి. ఆ కారణం దొంగారి, అంటే స్టూడెంట్ క్లబ్. సెమిస్టర్ మొదటి రెండు మూడు వారాల్లో క్యాంపస్‌లో టేబుళ్ళు వేసుకుని సభ్యుల్ని చేర్చుకుంటారు, ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది. కొన్ని క్లబ్బులు రెండు సెమిస్టర్లు ఉంటేనే రమ్మంటాయి, ఒకటి కాదంటే ఇంకోటి అడగండి. మాటల కంటే చేతులకీ కాళ్ళకీ పని ఉండే క్లబ్ ఎంచుకోండి, కొండలెక్కేదో, డోలు వాయించేదో, బ్యాడ్మింటనో. బుక్‌హాన్సన్ నేషనల్ పార్కు సియోల్ లోపలే ఉంది, దాని శిఖరం 836 మీటర్లు, పొద్దున మెట్రోలో వెళ్ళి ఎక్కి మధ్యాహ్నానికి కింద అందరూ కలిసి తిని వస్తారు, అంతసేపు పక్కపక్కన నడిస్తే భాష రాకపోయినా మనిషి తెలుస్తాడు.

పరిచయమైన ఐదు నిమిషాల్లో మీ పుట్టిన ఏడు అడుగుతారు, నొచ్చుకోవద్దు. పెద్దా చిన్నా తేలితే తప్ప ఏ మర్యాదలో మాట్లాడాలో వాళ్ళకి తోచదు. 2023 జూన్‌లో చట్టపరంగా వయసు లెక్క మార్చి ప్రపంచమంతా లెక్కపెట్టినట్టే పెట్టాలన్నారు గానీ స్నేహితుల మధ్య ఇప్పటికీ పుట్టిన ఏడే ముఖ్యం. తాగడం ఇష్టం లేకపోతే నవ్వుతూ వద్దనండి, గ్లాసులో జ్యూస్ పోసుకుని వాళ్ళతోపాటు ఎత్తండి, చాలు. కూర్చోకుండా వెళ్ళిపోతేనే దూరమవుతారు.

వారంలో ఒక్క రోజు క్లాసు లేకుండా టైమ్‌టేబుల్ వేసుకోండి, కానీ దాన్ని ప్రయాణాలకి కాకుండా మీరుండే పేటకి ఇవ్వండి. ఒకే చిన్న హోటల్‌కి, ఒకే పండ్ల షాపుకి వెళ్తుంటే ఆ పెద్దావిడలు మిమ్మల్ని గుర్తుపడతారు, అన్నం తిన్నావా అని అడుగుతారు, ఒక కిమ్చి ముక్క ఎక్కువ పెడతారు. నాకు కొరియన్ నేర్పింది క్లాసు కన్నా వాళ్ళే ఎక్కువ.

ప్రశ్న: అక్కడ పార్ట్ టైమ్ చేసి ఖర్చులు తీసుకోవచ్చా?

ఆ లెక్క మీద మాత్రం వెళ్ళొద్దు. ఇమిగ్రేషన్ అనుమతి లేకుండా పనిచెయ్యడం నేరం, జరిమానా పడుతుంది, పంపించెయ్యొచ్చు కూడా. అనుమతికి యూనివర్సిటీ సంతకం, టోపిక్ అనే కొరియన్ భాషా పరీక్షలో తగిన స్థాయి అడుగుతారు, స్థాయి లేకపోతే గంటలు తగ్గించేస్తారు. ఆ కాగితాలన్నీ అయ్యేసరికి మీ సెమిస్టర్ అయిపోతుంది. సరిపడా డబ్బు ఉంటేనే బయల్దేరండి, లేకపోతే స్కాలర్‌షిప్ దొరికేదాకా ఒక సెమిస్టర్ ఆగండి.

ప్రశ్న: వచ్చే వారం తిరిగి వచ్చేస్తున్నాను. వచ్చే ముందు ఏమైనా పనులున్నాయా?

ఉన్నాయి. ఫోన్ నెంబర్ ఇంకా పనిచేస్తుండగానే బ్యాంకు ఖాతా మూయించెయ్యి, నెంబర్ పోయాక నువ్వే అని నిరూపించడం కష్టం. హాస్టల్ డిపాజిట్ ఉంటే ఏ ఖాతాకి వేస్తారో రాయించుకో, మూసేసిన ఖాతా నెంబర్ ఇచ్చి రాకు. ఇన్సూరెన్స్ బిల్లు బాకీ లేకుండా కట్టెయ్యి. రెసిడెన్స్ కార్డు ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్ళకి తిరిగి ఇచ్చెయ్యాలి, జ్ఞాపకంగా దాచుకునేది కాదు.

మార్కుల షీటు నువ్వు వచ్చేశాక కొన్ని వారాలకి తయారవుతుంది, మీ కాలేజీ అడ్రసు వాళ్ళ దగ్గర సరిగ్గా ఉందో లేదో ఇంటర్నేషనల్ ఆఫీసుకి స్వయంగా వెళ్ళి చూసుకో. ముఖ్యంగా ప్రతి కోర్సు సిలబస్, వారం వారం ఏం చెప్పారో ఉన్న పేజీ, నీ లాగిన్ పనిచేస్తున్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకో. క్రెడిట్లు కలపడానికి మీ డిపార్ట్మెంట్ అడిగే మొదటి కాగితం అదే, లాగిన్ మూసేశాక మెయిళ్ళు పెట్టి తెప్పించుకోవడం నెలల పని.